పురిటికి అమెరికా వెళ్లాలి, కానీ తల సహకరించడం లేదు

ప్రశ్న: నా వయసు 53. గుంటూరులో ఒక పాఠశాలలో లెక్కలు చెబుతాను. పదహారు నెలల క్రితం మా వారి బండి వెనుక కూర్చుని వెళుతూ కిందపడ్డాను. తలలో కొద్దిగా రక్తస్రావమైందన్నారు, ఆపరేషన్ అవసరం రాలేదు. ఆసుపత్రిలో ఉండగా ఒకసారి ఫిట్స్ వచ్చింది. అప్పటి నుంచి ఉదయం 8 గంటలకు, రాత్రి 8 గంటలకు లెవెటిరాసెటమ్ మాత్ర వేసుకుంటున్నాను. చూసేవాళ్లకు నేను బాగానే ఉన్నాను. కానీ మూడో పీరియడు అయ్యేసరికి తల బరువెక్కుతుంది, మాటలు తడబడతాయి, పిల్లల గోల భరించలేను. ఇంటికి వచ్చి పడుకున్నా ఆ బడలిక తీరదు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. సెప్టెంబరు చివరి వారంలో తొలి కాన్పు. వీసా వచ్చింది. కాన్పుకు పది రోజుల ముందు వెళ్లి, ఆరు నెలలు ఉండి, వంట, బాలింత పథ్యం, బిడ్డ స్నానం, రాత్రి మేలుకోవడం అన్నీ నేనే చూసుకోవాలని అనుకున్నాను. మా వారికి నెల రోజులే సెలవు దొరుకుతుంది, దించి వస్తానంటున్నారు. విజయవాడలో ఉండే మా వియ్యపురాలు "బాగానే తిరుగుతున్నారుగా, వెళ్లడానికేం?" అంటున్నారు. మా అక్క మాత్రం "విమానం ఎక్కితే తల నరాలు చిట్లుతాయి, వెళ్లొద్దు" అంటోంది. ఎవరి మాట వినాలి? వెళ్లకపోతే తల్లిగా నేను తప్పు చేసినట్టు కాదా?

సమాధానం:

అమ్మా, మీ న్యూరాలజిస్టు పరీక్షించి సరేనంటే మీరు వెళ్లవచ్చు. అయితే మీరు రాసిన పద్ధతిలో వెళ్లవద్దు. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో విమానం గురించి ఉన్నది ఒక్క వాక్యమే, అదీ మీ అక్కగారిది. మిగిలిన బరువంతా అక్కడ దిగిన తరువాత మీరు మీద వేసుకోబోయే పనులదే. నా అనుభవంలోనూ తలకు గాయమైన వారిని దెబ్బతీసేది ఇరవై గంటల ప్రయాణం కంటే, ఆ ప్రయాణం తరువాత వచ్చే ఇరవై రోజులే ఎక్కువగా. అందువల్ల మానుకోవలసింది ప్రయాణాన్ని కాదు, ఆ పనుల జాబితాలో సగానికి పైగా భాగాన్ని.

ముందుగా ఆ బడలిక గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని మీ ఇంటివారు, కొంతవరకు మీరు కూడా, ఒంటి నీరసంగానే చూస్తున్నారు. మన శరీరం బరువులో మెదడు దాదాపు 2 శాతమే ఉంటుంది, కానీ విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడు మెదడులోని భాగాలను కలిపే సన్నని నాడీతంతువులు సాగి దెబ్బతింటాయి. ఆ గాయం మామూలు స్కానింగులో కనిపించకపోవచ్చు. దెబ్బ తగలక ముందు తనంతట తానే జరిగిపోయిన పని, ఉదాహరణకు తరగతిలో ఒక పిల్లవాడి ప్రశ్న వింటూ మిగిలిన నలభై మంది గోలను పక్కకు నెట్టడం, ఇప్పుడు మెదడు ప్రయత్నపూర్వకంగా చేయవలసి వస్తోంది. ఫ్యాను చప్పుడు, వీధిలోని హారను, పక్క గదిలోని టీవీ అన్నీ జల్లెడ లేకుండా ఒకేసారి లోపలికి వస్తున్నాయి. మూడో పీరియడుకు మీ మాటలు తడబడటానికి కారణం చాలావరకు ఇదే. ఈ అలసట దెబ్బ తీవ్రతను బట్టే ఉండదు. చిన్న గాయమని చెప్పిన వారిలోనూ నెలలు, ఏళ్లు కొనసాగవచ్చు. పడుకుని లేచినా పూర్తిగా తీరకపోవడం, అతిగా శ్రమపడిన రోజు కాకుండా మరుసటి రోజో ఆ తరువాతి రోజో కుప్పకూలడం దీని లక్షణాలు. మీ వియ్యపురాలు చూసింది మీరు బాగున్న గంటనే. ఆ గంటకు మీరు చెల్లించిన మూల్యం ఆమెకు కనిపించలేదు. ఆమెను తప్పుపట్టడం లేదు, ఎవరికీ కనిపించదు.

మీది గుంటూరు కాబట్టి ఒక మాట చెబితే సులువుగా అర్థమవుతుంది. సాగర్ కుడి కాలువకు నీళ్లు తక్కువగా వదిలే ఏడాది మన రైతు ఏం చేస్తాడు? పొలాన్ని బీడు పెట్టడు, అలాగని ఎప్పటిలా వరి నాటి సగంలో ఎండబెట్టుకోడు. ఉన్న నీటిని లెక్కగట్టి ఆరుతడి పంట వేసి, వంతుల ప్రకారం తడి పెట్టుకుంటాడు. మీకు ఇప్పుడున్న శక్తి అటువంటి తక్కువ నీటి ఏడాది లాంటిది. వరి వేయాలన్న పట్టుదల మంచిదే అయినా, అది ఈ ఏడాదికి తగినది కాదు.

టికెట్టు కొనక ముందే మీ న్యూరాలజిస్టును కలవండి. మీ అక్కగారి భయం పూర్తిగా నిరాధారం కాదు. తలకు కొత్తగా ఆపరేషన్ అయిన వారిలో, పుర్రె లోపల గాలి మిగిలి ఉన్న వారిలో, రక్తస్రావం ఇటీవలే జరిగిన వారిలో విమానంలోని తక్కువ పీడనం ప్రమాదం కలిగించవచ్చు. పదహారు నెలలు గడిచి, రక్తపు గడ్డ కరిగిపోయి, ఆపరేషనే జరగని మీ వంటి వారికి ఆ కారణంగా నరాలు చిట్లుతాయన్న భయం అక్కరలేదు. విమానం లోపలి గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న చోట ఉండే పీడనంతో సమానంగా ఉంటుంది. ఊటీ కూడా దాదాపు 7,350 అడుగుల ఎత్తులోనే ఉంది. అయినా మీ చివరి స్కానింగు రిపోర్టు చూసి ఆ మాట డాక్టరు గారే చెప్పాలి, ప్రయాణానికి యోగ్యులని ఇంగ్లీషులో రాసి ఇవ్వాలి.

అదే రోజు మరో సంగతి అడగండి, నా దృష్టిలో ఇది డాక్టరు గారు రాసి ఇచ్చే ఆ ఉత్తరం కంటే ముఖ్యమైనది. ఈ బడలికకు తలగాయం ఒక్కటే కారణం కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బీ12, డీ విటమిన్ల లోపం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం, మనసులో పేరుకున్న దిగులు ఇవన్నీ అలసటను రెట్టింపు చేస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. తలగాయం తరువాత కొందరిలో పిట్యూటరీ గ్రంథి సరిగా పనిచేయక హార్మోన్లు తగ్గుతాయి. ఆ రక్తపరీక్షలు చాలా మందికి ఎవరూ రాయరు, అందుకే మీరు అడిగి చేయించుకోండి. మీరు వాడుతున్న లెవెటిరాసెటమ్ కూడా కొందరికి మగత, అలసట, చిరాకు తెస్తుంది. మోతాదు మార్చాలా, మందు మార్చాలా అన్నది డాక్టరు గారు నిర్ణయిస్తారు. దయచేసి మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా తగ్గించకండి, ముఖ్యంగా ప్రయాణం ముందు. మందు ఆగడం, నిద్ర కరవవడం ఈ రెండూ కలిస్తే ఫిట్స్ తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది, దూర ప్రయాణంలో ఈ రెండూ కలిసే ప్రమాదం ఎక్కువ.

ఇక మీ శక్తి ఎంతో మీకే తెలియాలి. లెక్కల టీచరు గారికి ఇది చెప్పనక్కరలేదు కానీ, రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో గంట గంటకూ చేసిన పని, అప్పటి అలసట పదికి ఎంత అన్నది రాయండి. ఏ పని ఎంత తీసుకుంటోందో అప్పుడు తెలుస్తుంది. చాలా మంది ఊహించేదానికి భిన్నంగా, గంట సేపు కూరగాయలు తరగడం కంటే పావుగంట సేపు నలుగురితో మాట్లాడటమే ఎక్కువ పీల్చేస్తుందని ఆ పుస్తకం చెబుతుంది. ఆ తరువాత ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఒక ఉదయం మీ వారితో బస్సులో విజయవాడ వెళ్లి, బీసెంట్ రోడ్డులో అరగంట తిరిగి, ఎక్కడైనా ప్రశాంతంగా గంట సేపు కూర్చుని తిరిగి రండి. ఆ సాయంత్రం ఎలా ఉన్నారన్నది చూడకండి, మరుసటి రెండు రోజులు ఎలా గడిచాయో రాసుకోండి. రెండు రోజులలో తేరుకుంటే, జూలైలో ఒక రాత్రి హైదరాబాదులో ఉండి వచ్చే ప్రయాణం చేయండి. ఈ రెండింటిలో ఎన్ని గంటలకు ఎంత విశ్రాంతి కావలసి వచ్చిందో అదే మీ అమెరికా ప్రయాణానికి కొలబద్ద. ఈ చిన్న ప్రయాణానికే వారం రోజులు మంచం పట్టవలసి వస్తే, ఈ ఏడాది వెళ్లవద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

తేదీ విషయంలో మీరు అనుకున్న పది రోజుల గడువు సరిపోదు. న్యూజెర్సీకి, మనకు వేసవి గడియారం ప్రకారం తొమ్మిదిన్నర గంటల తేడా. శరీరంలోని గడియారం సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని లెక్క, అంటే ఆరోగ్యవంతులకే పది రోజులు. మీకు అంతకంటే ఎక్కువ కావాలి. పైగా తొలి కాన్పు చెప్పిన తేదీకే అవుతుందన్న నియమం లేదు. మీరు ఆగస్టు చివరి వారంలో వెళ్లండి. మీ వారికి దొరికే నెల రోజుల సెలవు అప్పుడే వాడుకుంటే, మీరు సర్దుకునే మొదటి వారాలన్నీ ఆయన పక్కనే ఉంటారు. ఆయన "దించి వచ్చే" మనిషిగా కాకుండా, ఆ నెలంతా మీ తరఫున నిర్ణయాలు తీసుకునే మనిషిగా ఉండాలి. ఏ వరుసలో నిలబడాలి, ఏ గేటుకు వెళ్లాలి, ఏం తినాలి అన్న చిన్న నిర్ణయాలే గాయపడిన మెదడును ముందుగా ఖాళీ చేస్తాయి.

టికెట్టు కొనేటప్పుడు ధర ఒక్కటే చూడవద్దు. గుంటూరు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి కారులో ఐదారు గంటలు పడుతుంది, గల్ఫ్ వైపు విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో బయలుదేరుతాయి. సాయంత్రం వరకు సామాను సర్ది, బంధువులకు వీడ్కోలు చెప్పి, రాత్రి కారెక్కి, నిద్ర లేకుండా విమానం ఎక్కడం మనవాళ్లలో మామూలు. మీరు అలా చేస్తే ఇంట్లోనే సగం శక్తి అయిపోయిన మనిషిగా బయలుదేరుతారు. ముందు రోజు ఉదయం చల్లటి వేళలో బయలుదేరి మధ్యాహ్నానికి చేరి, విమానాశ్రయానికి దగ్గరలో గది తీసుకుని ఒక పూర్తి రాత్రి పడుకోండి, వీలైనంత వరకు పగటి విమానమే ఎంచుకోండి. ఆ గది అద్దెను వృథా ఖర్చుగా చూడకండి, అది మీ మందుల ఖర్చులో భాగం.

దారిలో ఒకేచోట మారే టికెట్టు తీసుకోండి. మారే చోట గంటన్నర వ్యవధి ఉంటే పరుగులు పెట్టాలి, పది గంటలైతే కూర్చునే అలసిపోతారు. నాలుగు గంటలు మీకు సరిపోతాయి. అబుదాబి మీదుగా వెళితే ఒక సౌకర్యం ఉంది. అమెరికా వారి ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు 2014 నుంచి ఆ విమానాశ్రయంలోనే జరుగుతున్నాయి. అక్కడ పని పూర్తయితే, పద్నాలుగు గంటలు ప్రయాణించి డస్సిపోయి న్యూయార్కులో దిగాక మళ్లీ పొడవాటి వరుసలో నిలబడి అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పే అవసరం ఉండదు. మాటలు తడబడే మీ స్థితికి ఇది చిన్న విషయం కాదు. ఏ చోట తనిఖీ జరిగినా అమ్మాయి చిరునామా, ఫోను నంబరు, తిరుగు టికెట్టు, డాక్టరు ఉత్తరం ఒకే కవరులో చేతిలో ఉంచుకోండి. "నాకు తలకు గాయమైంది, నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది, జవాబు చెప్పడానికి కొంచెం సమయం పడుతుంది" అని ఇంగ్లీషులో రాయించిన ఒక చిన్న చీటీ కూడా పెట్టుకోండి. అడిగినదానికి నిజమే, క్లుప్తంగా చెప్పండి.

చక్రాల కుర్చీ సహాయం తప్పక అడగండి. టికెట్టు కొన్నప్పుడే చెప్పి, ప్రయాణానికి 48 గంటల ముందు మరోసారి ఫోనులో ధ్రువపరచుకోండి. నడవగలిగిన మనిషి కుర్చీలో కూర్చుంటే ఎవరేమనుకుంటారోనన్న సంకోచం మీకు కలుగుతుందని నాకు తెలుసు. నా వద్దకు వచ్చిన లారీ యజమాని ఒకాయన ఆ సంకోచంతోనే కుర్చీ వద్దని, మారే విమానాశ్రయంలో మెరిసే దీపాల మధ్య, ఆగని ప్రకటనల మధ్య గేటు వెతుక్కుంటూ చివరికి ఒక మూల తల పట్టుకుని కూర్చుండిపోయారు. ఆయన కాళ్లకు ఏ లోపమూ లేదు. ఆ కుర్చీ కాళ్ల కోసమే కాదు. వరుసలు, బోర్డులు, దారులు, తొందర ఇవన్నీ మీ తల మీద పడకుండా మోసే సహాయం అది. కొన్ని విమానాశ్రయాలలో పైకి కనిపించని వైకల్యం ఉన్నవారికి మెడలో వేసుకునే పొద్దుతిరుగుడు పువ్వుల పట్టీ ఉచితంగా ఇస్తారు. 2016లో లండన్ గాట్విక్‌లో మొదలైన ఈ పద్ధతి తరువాత చాలా దేశాలకు వ్యాపించింది. మీరు వెళ్లే విమానాశ్రయాలలో ఉందేమో అమ్మాయిని కనుక్కోమనండి.

విమానంలో చేయవలసింది తక్కువే. కిటికీ పక్క సీటు తీసుకుంటే ఎవరూ మిమ్మల్ని దాటుకుంటూ లేపరు. చెవుల్లో పెట్టుకునే నురగ బిళ్లలు, కళ్లకు గంత, మెడకు దిండు చేతి సంచిలో ఉంచండి. ముందున్న తెర ఆపేయండి, సినిమా చూడటం విశ్రాంతి కాదు. నీళ్లు తరచుగా తాగండి, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. అలసట వచ్చాక కళ్లు మూసుకోవడం కాదు, వచ్చినా రాకపోయినా గంటకోసారి పది నిమిషాలు మూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు ఇక్కడ మీ పాఠశాలలోనే మొదలుపెట్టండి.

మందుల వేళలకు మీకు ఒక అదృష్టం కలిసివచ్చింది. మన దగ్గర ఉదయం 8 అంటే న్యూజెర్సీలో ముందటి రాత్రి పదిన్నర, మన రాత్రి 8 అంటే అక్కడ ఉదయం పదిన్నర. అంటే పన్నెండు గంటల వ్యవధి చెడకుండా, ఒక్క మాత్ర కూడా ముందుకో వెనక్కో జరపకుండా, అక్కడ ఉదయం పదిన్నరకు, రాత్రి పదిన్నరకు వేసుకుంటే సరిపోతుంది. నవంబరు మొదటి ఆదివారం వారి గడియారం గంట వెనక్కు జరుగుతుంది, అప్పటి నుంచి మాత్రలు ఉదయం తొమ్మిదిన్నరకు, రాత్రి తొమ్మిదిన్నరకు. చేతి గడియారాన్ని ప్రయాణమంతా మన సమయంలోనే ఉంచండి, ఈ లెక్కను మీ డాక్టరు గారికి చూపించి సరేననిపించుకోండి. మాత్రలు అసలు పట్టీలతో, చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో వేయవద్దు. సాధారణంగా మూడు నెలలకు సరిపడా మందులు వెంట తీసుకువెళ్లవచ్చు; నేను మిమ్మల్ని అంతకంటే ఎక్కువ కాలం ఉండమనబోవడం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అమెరికాలో మామూలు కాన్పు అయితే రెండు రోజులలో, సిజేరియన్ అయితే సుమారు నాలుగు రోజులలో ఇంటికి పంపుతారు. ఆ రోజు నుంచి బిడ్డ రెండు మూడు గంటలకోసారి లేస్తుంది. ఆ రాత్రులు మీవి కావు. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలుతున్నాననుకోండి. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి వరుసగా నిద్ర చెడటం కంటే ప్రమాదకరమైనది తక్కువ. రాత్రి మీరు వేరే గదిలో, తలుపు వేసుకుని, పూర్తిగా నిద్రపోవాలి. మరి ఎవరు మేలుకుంటారు? మీ అల్లుడు గారు. న్యూజెర్సీ రాష్ట్రంలో కుటుంబ సెలవు బీమా ఉంది. అర్హత ఉన్న ఉద్యోగి అయితే తండ్రి కూడా బిడ్డ పుట్టిన తొలి ఏడాదిలో 12 వారాల వరకు, జీతంలో కొంత భాగం అందుతుండగా, సెలవు తీసుకోవచ్చు. మనవాళ్లలో చాలా మంది అబ్బాయిలు "అత్తగారు వస్తున్నారుగా" అని ఆ సెలవును వాడుకోరు. మీరు ముందుగా చెబితేనే ఆయన తన కార్యాలయంలో అడిగి ఏర్పాటు చేసుకోగలుగుతారు.

మీ వియ్యపురాలిని కూడా ఇందులోకి తీసుకురండి. అమ్మాయి తల్లి ముందు వెళ్లడం, ఆమె తిరిగి వచ్చాక అబ్బాయి తల్లి వెళ్లడం మనకు అలవాటైన వరుస. ఈసారి ఇద్దరూ కాన్పు తరువాతి నలభై రోజులు కలిసి ఉండేలా, ఆ తరువాత ఆమె కొనసాగేలా మార్చుకోండి. మీరు నవంబరు చివరి వారంలో, తెలిసినవారి తోడు చూసుకుని తిరిగి రావచ్చు. ఆమె ఆ మాట అనడానికి కారణం తెలియకపోవడమే అయితే, తెలిసిన తరువాత సాయపడటానికి ఆమెకంటే దగ్గరివారు ఎవరున్నారు? ఆమెను ఒక ఉదయం మీ ఇంటికి పిలిచి, ఆ నోటు పుస్తకం చూపించండి.

అయితే మీరు చేసే పని ఏమిటి? ఉదయం మీ తల తేటగా ఉండే మూడు గంటలు మీ చేతిలో ఉన్నాయి. వాటిలో బాలింతకు కావలసిన ఒక పూట పథ్యం వండవచ్చు. బొడ్డు ఊడేవరకు అక్కడి వైద్యులు తడిగుడ్డతో తుడవడమే చాలంటారు కాబట్టి స్నానం తొందర ఉండదు, ఊడాక ఉదయం పూట ఆ స్నానం మీరు చేయించవచ్చు, కానీ పక్కన ఒకరు ఉండాలి. బిడ్డను ఎత్తుకున్నప్పుడు కూర్చునే ఉండండి. మెట్లు దిగుతూ ఎక్కుతూ బిడ్డను మోయవద్దు, అక్కడి ఇళ్లలో చాలావాటికి లోపలే చెక్క మెట్లుంటాయి. మధ్యాహ్నం తరువాత పొయ్యి దగ్గర నిలబడవద్దు. మగతలో పొయ్యి మీద పెట్టింది మరిచిపోవడం మీరు రాయలేదు కానీ మీ నోటు పుస్తకంలో కనిపిస్తుందని అనుకుంటున్నాను. సాంబ్రాణి పొగ వేయాలన్న కోరిక కూడా వదులుకోండి. పసిగుడ్డుకు ఆ పొగ మంచిది కాదు, పైగా అక్కడి ఇళ్లలో పొగ పసిగట్టే గంటలు మోగితే ఆ శబ్దం మీ తలలో ఆ రోజంతా నిలిచిపోతుంది.

శొంఠిపొడి, వాము, వెల్లుల్లి కారం వంటివి ఇక్కడే చేయించి, రెండు వారాల ముందు నుంచి రోజుకు అరగంట చొప్పున సర్దుకోండి; చివరి రోజు సర్దుడు వద్దు. తినే వస్తువులన్నీ అక్కడి కస్టమ్స్ వారికి చెప్పాలి. పచ్చి కరివేపాకు, పండ్లు అసలు పెట్టవద్దు, అనుమతించరు. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి ఓక్‌ట్రీ రోడ్డులో మన సరుకులన్నీ దొరుకుతాయి, కాబట్టి సూట్‌కేసుల బరువు పెంచుకోకండి.

మనవాళ్ల ప్రేమ మరో పరీక్ష. వెళ్లిన మొదటి శనివారమే చూడటానికి నలుగురు వస్తారు, నయాగరా చూపిస్తామంటారు, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకువెళతామంటారు. నయాగరాకు న్యూజెర్సీ నుంచి కారులో వెళ్లడానికే ఆరేడు గంటలు. మొదటి మూడు వారాలు ఎవరినీ రావద్దని అమ్మాయిచేత చెప్పించండి. ఇరవై ఒకటో రోజు బారసాల చేస్తే, ఉయ్యాలలో వేసే ఆ అరగంట మీరు ముందు వరుసలో ఉండండి, ఆ తరువాత పై గదిలోకి వెళ్లి పడుకోండి. ఏ గది, ఎవరు తీసుకువెళతారు అన్నది ముందే ఖాయం చేసుకోండి. అలసిపోయాక ఆ మాట చెప్పడానికి కూడా మీకు మాటలు దొరకవు. అందుకే మీరు ముక్కు పక్కన వేలు పెడితే చాలు, "అమ్మను పైకి తీసుకువెళ్లాలి" అని ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా ఒక సైగ ఏర్పాటు చేసుకోండి.

బీమా గురించి ఒక్క మాట. తలగాయం, ఫిట్స్ సంగతి దాచి పాలసీ తీసుకోకండి, దాచినది బయటపడితే డబ్బు ఇవ్వరు. పాత జబ్బుకు ఎంతవరకు వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. కొత్తగా తీవ్రమైన తలనొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, ఒక పక్క చేయో కాలో పట్టు తప్పడం, స్పృహ మసకబారడం వీటిలో ఏది కనిపించినా అది అలసట కాదు. ఇంటివారు వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలి. ఇంతవరకు వచ్చాం కాబట్టి మీ వారికి కూడా చెబుతున్నాను, బండి వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ కావాలి.

వెళ్లకపోతే తల్లిగా తప్పు చేసినట్టా అని అడిగారు. కాదు. మీ అమ్మాయికి ఆ రోజుల్లో తన తల్లి పక్కన కూర్చోవడం కావాలి. వంటకు మనుషులు దొరుకుతారు, రాత్రికి భర్త ఉన్నాడు. మీరు శక్తికి మించి పని చేసి నాలుగో రోజున మంచం పడితే, ఆ అమ్మాయి పసిబిడ్డతో పాటు మిమ్మల్నీ చూసుకోవలసి వస్తుంది. ఒకవేళ పరీక్షా ప్రయాణాలలో మీ తల ఒప్పుకోకపోతే, వచ్చే వేసవికి వెళ్లి తొమ్మిది నెలల మనవరాలినో మనవడినో ఎత్తుకోండి.

ఇవన్నీ అమ్మాయితో ఇంతవరకు మాట్లాడలేదని మీ ఉత్తరం చదివితే అనిపించింది. ఈ వారంలోనే మాట్లాడండి. మీకు ఉదయం ఆరున్నర అంటే ఆమెకు రాత్రి తొమ్మిది. మీ తల తేటగా ఉంటుంది, ఆమె పని ముగించుకుని ఉంటుంది. అల్లుడు గారిని కూడా పక్కన కూర్చోమనండి. "నేను వస్తాను, రాత్రులు మేలుకోలేను, మధ్యాహ్నం తరువాత పని చేయలేను, ఉదయం మూడు గంటలు నావి" అని కాగితం మీద ముందుగా రాసుకుని, చదివి వినిపించండి.